చెంప మీద చూడని మట్టి

చెన్నూరులో పెళ్లిపిల్లలకు నలుగు తర్వాత ముఖానికి పూసే మట్టి కనకవ్వ ఇంటినుంచే వెళ్లేది. పోలీసు యాక్షన్ అయిన తర్వాతి ఏళ్ల మాట. గోదావరి ఒడ్డున ఒండ్రుమట్టి తవ్వుకొచ్చి, కుండలో నీళ్లు పోసి కలిపి, ఇసుక అడుగుకు దిగాక పైనున్న మట్టినీళ్లను మరో కుండలోకి వంచేది. పాత ధోతిలో వడగట్టి, నీడన ఆరబెట్టి బిళ్లలు చేసేది. కొత్తగా చేసిన బిళ్లను ముందు తన చెంపకు పూసుకుని, ఆరేదాకా కూర్చునేది. చురుక్కుమనకపోతేనే ఎవరికైనా ఇచ్చేది.

భర్త పోయాక ఆ పూత తలుపు వేసుకుని పూసుకునేది. ఒకనాడు పొయ్యిలోకి నిప్పు కోసం వచ్చిన పొరుగింటి లస్మవ్వ తలుపు తోసుకొచ్చి చూసింది.

"బొట్టు తీసినంక గీ సోకులు ఎవరికోసమే అక్కా?" అని నవ్వింది. బావి దగ్గర కూడా అదే చెప్పి నలుగురినీ నవ్వించింది. కనకవ్వ ఆ తర్వాత చెంప మీద పూసి చూడటం మానేసింది.

ఆ ఏడు వరదకు పాత ఒడ్డు మునిగితే, చాకిరేవు పక్కన తవ్వింది. అక్కడి మట్టిలో చౌడు ఉంది, బట్టల మురికి వదిలించే చౌడు. ఇసుకలా అది అడుగుకు దిగదు. నీళ్లలో కరిగి మట్టితోనే వస్తుంది. కంటికి కనపడదు, చర్మానికే తెలుస్తుంది.

ఆ మట్టి పూసిన పెళ్లిపిల్ల బాలలక్ష్మికి పెళ్లికి ముందురోజు చెంపలు ఎర్రగా కందాయి. కబురు విని కనకవ్వ వెన్న పట్టుకుని పరుగెత్తింది.

"అంగడి పసుపు మంచిగ లేదు. నీ మట్టికేమైతది అక్కా" అంది పిల్ల తల్లి ఐలవ్వ.

ఊరుకుంటే ఆ మాటే నిలిచేది. కనకవ్వ తడిగుడ్డతో పిల్ల ముఖం తుడిచి వెన్న రాసింది.

"పసుపుది గాదు ఐలవ్వా. మట్టిల చౌడున్నది. నేను పూసుకొని చూడలే."

"ఎప్పుడూ చూస్తవు గద?"

"సిగ్గైంది. మొగడు పోయినదానికి పూతలేందని నవ్విన్రు."

గడపలో బియ్యం ఏరుతున్న లస్మవ్వ తల ఎత్తలేదు.

"రేపటికి తగ్గుతదా పెద్దవ్వా?" అంది బాలలక్ష్మి.

"మంట తగ్గుతది బిడ్డా. ఎరుపు ఉంటది."

"నీకు సిగ్గని నా మొఖం మీద చూసినవా?"

పిల్ల కొంగు ముఖం మీదికి లాక్కుంది. వెన్న అంటిన చేతులతో కనకవ్వ అక్కడే కూర్చుంది. ఐలవ్వ ఆమెను పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు.