నా చేతి కొలతకో రైఫిల్

పిల్లలకి ఏ బట్ట కొన్నా రెండు సైజులు పెద్దది కొనే ఇళ్ళల్లో పుట్టినవాళ్ళం నేనూ మా ఆయనా. ఎదిగే ఒళ్ళు కదా, వచ్చే ఏడాదికి సరిపోతుంది అనేవాళ్ళు పెద్దవాళ్ళు. నేను ఎదగలేదు. అయిదడుగుల దగ్గరే ఆగిపోయాను. చేతులు మడిచిన యూనిఫాంలోనే బడి చదువంతా అయిపోయింది.

ఆ అలవాటు మాతోపాటు ఐర్లండ్‌లోని లిమరిక్ దాకా వచ్చి, కోవిడ్ లాక్‌డౌన్ చలికాలంలో నా రైఫిల్ మీద పడింది.

గుంటూరు కాలేజీలో ఎన్‌సీసీ కెడెట్‌గా బోర్లా పడుకుని పాయింట్ టూటూ రైఫిల్ పేల్చినప్పటి నుంచీ నాకు గురి పిచ్చి. ఇక్కడ నర్సుగా స్థిరపడ్డాక ఒక షూటింగ్ క్లబ్బులో చేరాను. వెయ్యి గజాల పోటీలో కాల్చి తీరాలన్నది నా పంతం. దానికి పెద్ద రైఫిల్ కావాలి. లైసెన్స్ కోసం గార్డాలకి, అంటే ఇక్కడి పోలీసులకి, అర్జీ పెట్టేటప్పుడే ఏ రైఫిలో చెప్పాలి. తప్పుగా ఎంచుకుంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది. కాబట్టి ముందే తేలాల్సింది ఒకటుంది: షార్ట్ యాక్షనా, లాంగ్ యాక్షనా?

యాక్షన్ అంటే గొట్టానికి వెనకుండే ఇనుప భాగం. అందులో బోల్ట్ తలుపు గడియలా ముందుకీ వెనక్కీ జరుగుతుంది. వెనక్కి లాగితే కాలిన తూటా తొడుగు బయట పడుతుంది, ముందుకి తోస్తే కొత్త తూటా లోపలికి వెళుతుంది. లాంగ్ యాక్షన్‌లో పొడుగు తూటాలు పడతాయి. కానీ బోల్ట్‌ని ఇంకాస్త వెనక్కి లాగాలి. ఆ కాస్తా బొటనవేలి గోరంత.

"లాంగే తీసుకో," అన్నాడు మా ఆయన. "చిన్న తూటా పెద్దదాంట్లో పడుద్ది, పెద్దది చిన్నదాంట్లో పట్టదుగా. రేపు నువ్వే పెద్ద తూటా కావాలంటావు." జన్మలో తుపాకీ ముట్టుకున్న మనిషి కాదు, తీర్పు మాత్రం సిద్ధం.

"రేపటి సంగతి రేపు చూద్దాం. వెయ్యి గజాలకి ఆరున్నర మిల్లీమీటర్ల తూటా చాలండి. అది షార్ట్‌లో పడుద్ది."

"గోరంత తేడాకి ఇంత గొడవేంటే?"

క్లబ్బులో నాకు నేర్పిన ముసలాయన, వ్యవసాయం మానేసిన ఐరిష్ రైతు, ఫోన్లో అదే పాట పాడాడు. లాంగ్ తీసుకో, అంతా గ్రాండ్‌గా ఉంటుందన్నాడు. ఆయన ఆరడుగుల మనిషి. ఆ చేతులకి ఏదైనా గ్రాండే.

నా ఇబ్బంది వేరు. ఆ చలికాలం ఐసీయూలో ఊపిరాడని రోగుల్ని బోర్లా తిప్పేవాళ్ళం. ఒకరు తలా ట్యూబూ పట్టుకుంటే మిగతావాళ్ళం ఒళ్ళు తిప్పాలి. తిప్పీ తిప్పీ నా కుడి భుజం దెబ్బతింది. మోచెయ్యి వెనక్కి వెళ్ళిందంటే ప్రాణం పోయినంత పనయ్యేది. వేసుకున్న పీపీఈ గౌన్లు కూడా పెద్దవే, మణికట్ల దగ్గర టేపు చుట్టుకుని పనిచేసేదాన్ని. కారులో కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. నా ఒంటికి సరిపోయేది ఒక్కటైనా నేనే ఎంచుకోవాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

షూటింగ్ రేంజీలు మూసేశారు. ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటకూడదు. అంటే తుపాకీ లేకుండానే తుపాకీ ఎంచుకోవాలి. హార్డ్‌వేర్ షాపు నుంచి ఆన్‌లైన్‌లో రెండు తలుపు గడియలు తెప్పించాను.

"మన తలుపు గడియ బాగానే ఉందిగా?" అన్నాడు మా ఆయన.

రెంటినీ ఒక చెక్కకి బిగించాను. ఒకటి షార్ట్ బోల్ట్ జరిగేంత దూరం, రెండోది లాంగ్ బోల్ట్ జరిగేంత దూరం జరిగి ఆగేలా మేకులు కొట్టాను. ఆదివారం జూమ్‌లో ప్రార్థన అయ్యాక హాల్లో కార్పెట్ మీద బోర్లా పడుకుని, చెక్కని భుజానికి ఆనించి, దాని మీద చెంప పెట్టాను.

"వీడియో తీయండి. గడియని కాదు, నా మొహాన్ని."

ముందు పొడుగు గడియ లాగాను. మోచెయ్యి వెనక్కి పోయింది, భుజం కలుక్కుమంది, చెంప చెక్క మీద నుంచి లేచింది. మళ్ళీ లాగితే మళ్ళీ లేచింది. ఎంత పళ్ళు బిగించినా అంతే. తర్వాత పొట్టి గడియ లాగాను. మణికట్టూ ముంజెయ్యీ కదిలాయి, చెంప కదల్లేదు.

వంటింట్లో కూర్చుని ఆ వీడియో ఇద్దరం చూశాం. మొదట్లో మా ఆయనకి నవ్వాగలేదు. తర్వాత నవ్వడం మానేసి, వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు.

"నెప్పి ఇంతుందని చెప్పలేదేంటే?"

"చెప్తే తుపాకీ గిపాకీ వద్దంటారుగా."

"అంటాలే," అని ఒప్పుకున్నాడు. ఫోను పక్కన పెట్టి, "చెంప లేస్తే ఏమవుద్ది?" అని అడిగాడు. ఈ గొడవంతటిలో తెలుసుకోవాలని ఆయన నన్నొక ప్రశ్న అడగడం అదే మొదలు. చెంప లేస్తే ప్రతిసారీ కన్ను రైఫిల్ మీదుండే టెలిస్కోపు వెనక కొత్తగా కుదురుకోవాలనీ, ఈలోగా గాలి మారిపోతుందనీ, వెయ్యి గజాల దూరాన మారిన గాలి గుండుని పక్కకి తోసేస్తుందనీ చెప్పాను. టీ చల్లారిపోయేదాకా విన్నాడు.

షార్ట్ యాక్షన్‌కే అర్జీ పెట్టాను. గార్డాల అనుమతి వచ్చేలోగా భుజానికి వ్యాయామాలు చేశాను. ఒక్క రోజు మానలేదు.

రేంజీలు తెరిచాక వెయ్యి గజాల పోటీ పెట్టారు. మా ఆయన కూడా వచ్చి, మాస్కు గడ్డం కిందకి లాక్కుని ముసలాయన పక్కన నిలబడ్డాడు. చాప మీద బోర్లా పడుకుని రైఫిల్ సర్దుకుంటుంటే వెనక నుంచి ముసలాయన గొంతు వినబడింది.

"బాగుంది గానీ, రేపెప్పుడైనా పెద్ద తూటా కావాలంటే ఎలా? కాస్త పెద్దది తీసుకోవాల్సింది."

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. తన గుంటూరు ఇంగ్లీషులో, నెమ్మదిగా, ఒక్కో మాటా ఒత్తి చెప్పాడు. మా ఆవిడ ఇంక ఎదగదండీ, ఆమెకి ఇదే కొలత అని.

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చప్పుడు ఆపే మఫ్స్ చెవులకి తగిలించుకుని రైఫిల్ మీద చెంప పెట్టాను. ఆఖరి గుండు దాకా ఎత్తలేదు.