ముక్కు పట్టుకుంటే రెండో జవాబు

"వదినా, ఆ ఎర్ర బోర్డు మీద తెల్లపట్టీ ఉండాది గదా, అదేంది?" అని మా మరిది కారు నడుపుతూనే నన్నడిగాడు. నిన్న సాయంత్రం హిందూపురంలో పెళ్లి చూసుకుని ధర్మవరం తిరిగి వస్తూ, పెనుకొండ దగ్గర టీ తాగి, పక్కదారిలోంచి పెద్దరోడ్డు ఎక్కబోతున్నాం. అది ఇటువైపు పోరాదని చెప్పే బోర్డు. నేను బ్రేకు వెయ్యమనేలోగా ఎదురుగా వచ్చిన లారీ లైట్లు అద్దం నిండా పరుచుకున్నాయి. ఆ డ్రైవరెవరో లారీని పక్కకు తిప్పి, మమ్మల్ని ఏడు తరాల దాకా తిడుతూ పోయాడు. వెనక సీట్లో నా పిల్లలిద్దరూ నా చెయ్యి గీరుకుపోయేలా పట్టుకున్నారు.

మరిదికి నేర్చుకునేవాళ్లకిచ్చే ఎల్ఎల్ఆర్ వచ్చి ఇంకా వారం కాలేదు. పక్కన లైసెన్సున్న మనిషి కూర్చోవాలి. మా ఆయన చీరల పని మీద హిందూపురంలోనే ఆగిపోవడంతో కారులో లైసెన్సున్నది నాకొక్కదానికే. కానీ ముందు సీటు పెద్దవాళ్లదన్నది మా ఇంటి మర్యాద, అందుకని అక్కడ మా అత్త కూర్చుంది, కోడలిని కాబట్టి నేను వెనక. లారీ తప్పిపోయాక ఆమె అన్నదల్లా పెళ్లిలో ఎవరిదో కన్ను తగిలిందని, ఇంటికి పోగానే మిరపకాయలు తిప్పెయ్యాలని.

ఇంటికొచ్చి అన్నాలు తింటుండగా, మరి పరీక్షెట్లా పాసైనావని అడిగాను. అతను గర్వంగానే చెప్పాడు.

"కిటికీ కాడ ఏజెంటు గడ్డం పట్టుకున్యాడు, నేను మూడోది నొక్కినా. అంతే వదినా."

నా ఈడు వాళ్లలో చాలామందికి ఆ గడ్డం తెలిసే ఉంటుంది. నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా ఎల్ఎల్ఆర్‌కు పోయాను. అప్పట్లో మా నాయన మగ్గం మీద పని చేసుకుంటూనే నా చేత రోడ్డు గుర్తులన్నీ అప్పజెప్పించుకునేవాడు. సైకిలు తప్ప మరొకటి ఎరగని మనిషి, నా జవాబు తప్పో ఒప్పో ఆయనకు తెలియదు, కానీ నా గొంతు తడబడిందంటే చాలు, మళ్లీ మొదటికి రమ్మనేవాడు. తీరా పరీక్షకు పోతే, ఒక ఏజెంటు చెవి పట్టుకుంటే ఒకటో జవాబు, ముక్కు పట్టుకుంటే రెండోది, గడ్డం పట్టుకుంటే మూడోది అని అందరికీ చెప్పిపెట్టి కిటికీ బయట నిలబడ్డాడు. లోపల మీసాలున్న మగవాళ్లూ, పిల్లల తల్లులూ కంప్యూటరు వదిలేసి ఆ మొహం వైపు భక్తిగా చూస్తూ కూర్చున్నారు. పాపం ఆయనకు జలుబు చేసినట్టుంది, మధ్యలో నిజంగానే ముక్కు చీదుకున్నాడు. నా వరసలో నలుగురు టక్కున రెండోది నొక్కారు. నేను ఆ వైపు చూడలేదని ఆయనకు కోపం.

"ఏమ్మా, కలెక్టరు పరీక్ష రాస్తాండావా?" అని బయటికి రాగానే అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు.

ఆ రోజు నాకు కలిగిన రోత ఇన్నేళ్లకూ తగ్గలేదు, నిన్న రాత్రి మరింత పెరిగింది. ఎందుకంటే చెయ్యి కడుక్కుంటూ మరిది, రేపట్నుంచి పిల్లోల్లను బడికాడ తానే దింపుతానన్నాడు, మా అత్త మురిసిపోయి తానూ వెంట పోతానంది. నేను పడుకున్నా కళ్లు మూతపడలేదు.

మా నాయన కాలంలో కొత్తగా మగ్గమెక్కిన వాడికి పట్టు ముట్టనిచ్చేవాళ్లు కాదు. నూలు మీద చెయ్యి కుదరాలి, చెడగొట్టినవన్నీ విప్పి మళ్లీ నెయ్యాలి, ఆ తరవాతే పట్టు. చెడితే పోయేది మూరెడు గుడ్డే, అయినా అంత భయం ఉండేది మనుషుల్లో. ఆ భయం ఎప్పుడు, ఎక్కడ పోయిందో నాకు తెలియదు. ఇప్పుడు నేర్చుకున్నవాణ్ణి చూసి నవ్వుతున్నారు.

పొద్దున మరిది వాకిట్లో కారు తీసి హారన్ కొట్టాడు. మా అత్త అప్పటికే ముందు సీట్లో కూర్చునుంది. పిల్లలు సంచులు తగిలించుకుని నా మొహం చూశారు. కారులోకి వినపడేలాగే చెప్పాను.

"ఆ కారెక్కొద్దండి. నడిచి పోదాం పదండి, నేనూ వస్తా. ఎందుకెక్కలేదని అవ్వ అడిగితే, మీ చిన్నాయనకు బండి తోలేది ఇంకా రాదు, అమ్మ వద్దన్యాదని చెప్పండి."