జరీనా ఆపా దగ్గర నేను పోగొట్టుకున్న తప్పు

ఈ ఉదయం మంచిర్యాలలో నా షాపుకు ఒకాయన కంప్యూటర్ డబ్బాను చంటిపిల్లను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతుల మీద మోసుకొచ్చాడు. బల్ల మీద పెట్టి మూత విప్పగానే కాలిన వాసన గుప్పుమంది. "ఏం చేసిండ్రు సార్?" అని అడిగాను. "నేనేం చెయ్యలే మేడం, దానంతట అదే పోయింది" అన్నాడు. లోపల చూస్తే ఒక స్క్రూ జారిపోయి బోర్డు కింద ఇరుక్కుని ఉంది. పక్కనే స్క్రూడ్రైవర్ గీరిన గీతలు కొత్తగా మెరుస్తున్నాయి. అందరి కంప్యూటర్లూ వాటంతట అవే పోతాయి. నా చేతిలో పాడైందని నోరు తెరిచి చెప్పినవాళ్ళు ఇన్నేళ్ళలో చాలా కొద్దిమందే తగిలారు. వాళ్ళలో మొదటి మనిషి నాకు ఈ పని నేర్పిన జరీనా ఆపా, అంటే జరీనా అక్క. ఆ కాలిన వాసన తగిలితే చాలు, నాకు ఆమె గుర్తుకొస్తుంది. ఆమె వెనకాలే, పిలవని పేరంటానికి వచ్చినట్టు, రజిత కూడా వచ్చి కూర్చుంటుంది. అక్కడే నా మనసు పాడవుతుంది.

కరీంనగర్‌లో ఆపా ఇల్లు మా గల్లీలోనే ఉండేది. ఆమె భర్త రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. ఆయన పోయాక ముందుగది చాలాకాలం మూతపడి ఉంది. అప్పట్లో ఆపా ఒక డీటీపీ సెంటర్‌లో శుభలేఖలు టైపు చేసేది. కంప్యూటర్ ఆగిపోయిన ప్రతిసారీ మెకానిక్ కోసం కూర్చుని కూర్చుని విసిగిపోయి, ఒకరోజు తనే స్క్రూడ్రైవర్ పట్టిందట. తర్వాత ఆ పని మానేసి, భర్త గది తలుపులు తెరిచి, ఇళ్ళకు కంప్యూటర్లు బిగించి ఇవ్వడం మొదలుపెట్టింది. సామాను హైదరాబాద్ నుంచి బస్సులో అట్టపెట్టెల్లో వచ్చేది. దుపట్టా మిషన్‌లో పడకుండా రెండు కొసలూ నడుముకు దోపుకుని, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని ఆమె పనిలో కూర్చుంటే, పలకరించడానికి కూడా జంకు పుట్టేది. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను మా బాపు తీసుకెళ్ళి ఆమె దగ్గర కూర్చోబెట్టాడు.

వెళ్ళిన కొత్తలోనే ఒక టీచరమ్మ ఇంటికి ఆపాతో కలిసి వెళ్ళాను. ఆ రోజుల్లో కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా వెనక ఒక చిన్న ఎర్ర మీట ఉండేది. దాన్ని మన దేశపు కరెంటుకు తగ్గట్టు జరిపి పెట్టుకోవాలి. ఆపా అన్నీ బిగించింది, అన్నీ చూసింది, ఆ మీట ఒక్కటి మరిచిపోయింది. ప్లగ్గు పెట్టి స్విచ్ వేయగానే ఢామ్మని పేలింది. ఇంట్లో లైట్లన్నీ ఆరిపోయాయి. సిగ్గుతో నేను కళ్ళు మూసుకున్నాను. ఆపా మాత్రం దుపట్టాతో పొగను విసురుతూ తాపీగా చెప్పింది. "టీచరమ్మా, ఇది నా తప్పు. ఎన్క మీట జరపాలె, యాది మర్చిన. పరేషాన్ గాకుండ్రి, గీ డబ్బా ఒక్కటే పోయింది. కొత్తది నేను తెస్త." టీచరమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుని ఫక్కున నవ్వేసింది. చాయ్ పెట్టి తాగించి మరీ పంపింది. ఇక ఆ గడప మళ్ళీ తొక్కనివ్వరనుకున్నాను. కొన్ని రోజులకే ఆమె చుట్టాలు "పేల్చిన ఆపా ఇల్లు ఏడ?" అని అడుగుతూ మా గల్లీకి వచ్చారు. నాకు ఒళ్ళు మండింది. నేను ఏదీ పేల్చలేదు. నన్నెవరూ వెతుక్కుంటూ రాలేదు.

నిజానికి నా పని ఆపా పనికన్నా శుభ్రంగా ఉండేది. తీగలను జడ అల్లినట్టు కట్టి బోర్డు వెనక్కి తోసేదాన్ని. ఒక్క స్క్రూ మిగిలేది కాదు. ఆపా కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసి, "సాఫ్ ఉన్నది" అని పక్కన పెట్టేది. అంతే. ఆ మాట తర్వాత ఇంకో మాట వస్తుందేమోనని నేను కొంచెంసేపు అక్కడే నిలబడేదాన్ని.

తర్వాత నాలాగే పని నేర్చుకోవడానికి రజిత వచ్చింది. సుల్తానాబాద్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. వచ్చేసరికే నవ్వుతూ ఉండేది, వెళ్ళేటప్పుడూ నవ్వుతూనే ఉండేది. చెయ్యి మాత్రం నిలకడలేనిది. మా వెనక గల్లీ దర్జీ తన కూతురి చదువు కోసం కంప్యూటర్ కొనుక్కుంటే రజిత బిగించి ఇచ్చింది. అది కాసేపు నడవడం, వేడెక్కి ఆగిపోవడం. దర్జీ తిరిగి తెచ్చాడు. విప్పి చూస్తే, ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని లాగే కూలర్ అడుగున ఉండే పల్చని ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంది. దాన్ని ఒలిచేసి బిగించాలి. రజిత నుదురు కొట్టుకుంది. "అయ్యో ఆపా! పాల ప్యాకెట్ కొయ్యకుండనే గిన్నెల వెట్టి కాగవెట్టిన!" ఆపా కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. దర్జీ కూడా నవ్వాడు. ఆపా రజిత తలను దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది. సాయంత్రానికి పాల ప్యాకెట్ సంగతి గల్లీ అంతా పాకింది. నేనూ అందరితోపాటు పళ్ళు బయటపెట్టాను గానీ లోపల ఉడికిపోయాను. ఆ కాగితం నేను ప్రతిసారీ ఒలిచాను. ఒలిచినందుకు నా తలను ఎవరైనా దగ్గరికి తీసుకున్నారా?

ఆ ఏడాది వానాకాలంలో ఆపా మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. "మోకాళ్ళు మాట ఇంటలేవు. దసరా అయినంక ఆదిలాబాద్‌ల నా బిడ్డ దగ్గరికి పోత. గీ గది, సామాన్లు, గిరాకీ మీ ఇద్దరిల ఒకరికి అప్పజెప్పి పోత." ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. నాకు వేరే ఉద్యోగం లేదు, వస్తుందన్న ఆశా లేదు. ఆ గది దొరికితే నా కాళ్ళ మీద నేను నిలబడతాను. న్యాయంగా చూస్తే అది నాదే. అయినా రజిత నవ్వినప్పుడల్లా అది చేజారిపోతున్నట్టే ఉండేది.

దసరా నాడు పూజలో పెట్టడానికి శంకరన్న కంప్యూటర్ తయారు కావాలి. ఆయన పెళ్ళి ఫోటోల ఆల్బమ్‌లు ఇంట్లోనే కూర్చుని చేసేవాడు. మిషన్ మొత్తం నేనే బిగించాను. అంత అందంగా నేను మళ్ళీ ఎప్పుడూ బిగించలేదు. పండుగ పొద్దున ఆపాకు ఇంకో ఇంట్లో పని పడి, మమ్మల్నిద్దరినీ పంపింది. పూజల విషయంలో ఆమెకు ఒక పద్ధతి ఉండేది. మూత బిగించాకే మిషన్‌ను పూజకు అప్పగించాలి, కొబ్బరికాయ గడప దగ్గరే కొట్టించాలి, మొదటిసారి స్విచ్ ఇంటివాళ్ళ చేతనే నొక్కించాలి. ఇవన్నీ నాకు కంఠస్థం. కానీ ఆరోజు మూత బిగించబోతూ ఆగాను. ఇది మూసేస్తే లోపలి పని ఎవరికి కనిపిస్తుంది? ఒక్కసారైనా నలుగురూ చూడనీ అనుకుని పక్క మూత గోడకు ఆనించి పెట్టాను.

శంకరన్న తల్లి తలస్నానం చేసి, పసుపు కుంకుమల పళ్ళెం, చెంబుతో నీళ్ళు పట్టుకుని వచ్చింది. మిషన్ ముందు కూర్చుని కళ్ళు పెద్దవి చేసి లోపలికి చూసింది. నేను పొంగిపోయాను. ఆమె తడిపసుపు తీసి డబ్బా అంచులకు రాసింది. తర్వాత ఫ్యాన్ నడుమ బొట్టు పెట్టింది. తర్వాత బోర్డు మీద మెరిసే ప్రతిదానికీ ఓపికగా ఒక్కో బొట్టు పెట్టుకుంటూ పోయింది. ఆపమని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పండుగపూట పెద్దామె పూజను మధ్యలో ఎలా ఆపడం? నేను నీళ్ళు నమలుతుండగానే ఆమె మామిడాకు చెంబులో ముంచి మూడువైపులా చల్లింది. శంకరన్న దండం పెట్టి స్విచ్ నొక్కాడు. ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోయింది. లోపల చిటపటమంది. ఇల్లంతా నా వైపు చూసింది.

నా చేతిలో పని చెడడం అదే మొదలు. చెడితే ఏమనాలో నాకు తెలియదు. అప్పుడు రజిత ప్లగ్గు పీకి ముందుకు వచ్చింది. "తప్పు మాదే అవ్వా. మూత వెట్టకుండ మీ ముంగట వెట్టినం. మీ పూజల ఏం తప్పులేదు. పాపం ఇదే పసుపునీళ్ళు ఎక్కువ తాగింది." పెద్దామె బిత్తరపోయి చూసి, "అయితే నేనే సంపిన్నానే దీన్ని!" అని నోరు నొక్కుకుంది. ముందు శంకరన్న నవ్వాడు, తర్వాత ఇల్లంతా నవ్వింది. ఇద్దరినీ కూర్చోబెట్టి భక్ష్యాలు పెట్టారు. ముందు రజిత ఆకులో పడ్డాయి. బోర్డు పోయింది, ఆపా కొత్తది తెప్పించి వేసింది. మూత వదిలేసింది నేనేనని ఆమెకు చెప్పలేదు. అప్పటినుంచి శంకరన్న వాళ్ళు ఏ అవసరం వచ్చినా "పసుపు కంప్యూటర్ పిల్లను పంపుండ్రి" అని కబురు చేసేవారు. ఆ పిల్ల అంటే రజిత. "మాదే" అని అన్నది తనే కదా, వాళ్ళకు తనే గుర్తుంది. నా తప్పు, నా గొప్పకు పోయి నేను చేసిన తప్పు, అది కూడా ఆమెకే పోయింది.

గది తాళం రజితకు ఇచ్చిన రోజు నేను ఆపాను నిలదీశాను. "నా పనిల ఏం వంక దొరికింది ఆపా?"

"ఏం వంక లేదు బిడ్డ. రజిత పనికన్న మంచిగుంటది."

"మరి?"

"మిషన్ అన్నంక ఎప్పుడో ఓసారి ఆగుతది. రజిత వెట్టింది ఆగితే రజితనే పిలుస్తరు. నువ్వు వెట్టింది ఆగితే నీకు చెప్పనీకె భయపడ్తరు. ఆళ్ళే ఏదో ఖరాబ్ చేసిండ్రని నువ్వు అనుకుంటవని."

నాకు ఏడుపొచ్చింది. ఆమె కన్నీళ్ళు తుడవబోతే చెయ్యి తోసేసి వచ్చేశాను. మంచిర్యాలలో మా మేనమామ ఇంటి ముందుభాగంలో షాపు పెట్టుకున్నది ఆ పంతంతోనే. షాపు నడిచింది. రజితదీ నడిచింది, నాకన్నా బాగా.

చాలా ఏళ్ళ తర్వాత, ఆపాకు బాగాలేదని తెలిసి ఆదిలాబాద్ వెళ్ళాను. మధ్యాహ్నం వేళ. ఆమె మంచం చుట్టూ మనవరాళ్ళు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఆపా మొహం విప్పారింది. "ఈమె కరీంనగర్ల నా దగ్గర పనిచేసింది. రజిత అని ఇంకో పిల్ల ఉండె. గా రజిత ఏం చేసిందో ఎరికేనా? దసరానాడు మిషన్ మూత వెట్టకుండ పూజకు వెట్టింది..."

"అది రజిత కాదు ఆపా!" నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. "అది నేను. మూత నేను వెట్టలే. నా పని అందరు చూడాలని వెట్టలే. గా తప్పు నాది!"

మనవరాళ్ళు ఉలిక్కిపడ్డారు. ఆస్తి తగాదాకు వచ్చినదానిలా నేను మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉన్నాను.

"అయితే నువ్వే చెప్పు" అంది ఆపా.

చెప్పాను. గోడకు ఆనించిన మూత దగ్గర మొదలుపెట్టి, ఒక్కో బొట్టూ, మామిడాకూ, చిటపటా, నేను నీళ్ళు నమలడం, అన్నీ చెప్పాను. పిల్లలు పడీపడీ నవ్వారు. చిన్నది "మల్ల చెప్పు ఆంటీ" అంది. నేను మళ్ళీ చెబుతుంటే ఆపా దిండు మీద తల వాల్చి, నవ్వుతూ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నన్ను చూసింది. పాల ప్యాకెట్ నాడు రజితను చూసిన చూపు అది. తర్వాత చెయ్యి చాచి నా తలను దగ్గరికి లాక్కుంది.

ఆ చలికాలంలోనే ఆపా పోయింది. ఇప్పుడు నేను ఎవరింటికి వెళ్ళినా మిషన్ విప్పకముందే పసుపు కంప్యూటర్ సంగతి చెబుతాను, నా పేరుతోనే చెబుతాను. జనం నవ్వుతారు, నాకు ఫోన్లు చేస్తారు, ఏం పాడుచేశారో దాచకుండా చెప్పేవాళ్ళు కూడా అప్పుడప్పుడు దొరుకుతున్నారు. అదంతా ఆపా పెట్టిన భిక్షే. అయినా నా కుళ్ళు పోలేదు. ఆ చూపు కింద రజిత ఏళ్ళ తరబడి పని చేసింది. నాకు దొరికింది ఒక్క మధ్యాహ్నం.