పెన్సిలుతో పూడ్చిన మచ్చలు

నిన్న సాయంత్రం పాప తల దువ్వుతుంటే దువ్వెన పళ్ళకు తెల్లటి పొడి అంటింది. వేలితో తీసి నాలుకకు తాకించాను. చుర్రుమంది. సున్నం. అప్పుడే అరుగు మీద చిన్నవాడు దగ్గాడు. వారం రోజులుగా వింటున్న దగ్గే. భయం వేసింది మాత్రం నిన్ననే.

పిల్లల బడి గోడ పక్కనే ఈ ఏడు సున్నపు బట్టీ లేచింది. దాని యజమానే బడి కమిటీ పెద్ద. ఇవాళ ఇన్‌స్పెక్టరు వస్తున్నారనీ, పొగతో ఇబ్బందేమీ లేదని తల్లుల తరఫున రాసిపెట్టమనీ హెడ్మాస్టరు నాకు కబురు పంపారు. మా వీధిలో కాలేజీ మెట్లెక్కినదాన్ని నేనే మరి. మా ఆయన అదే బడిలో మాస్టరు. "రాయకపోతే నా ఉద్యోగం ఏం గాను?" అన్నారు.

రాత్రి కాగితం ముందు కూర్చుంటే సలోమి టీచరు గుర్తొచ్చారు. నరసరావుపేటలో మాకు డ్రాయింగు చెప్పేవారు. సెలవొస్తే కెమెరా మెడలో వేసుకుని ఊరి బయటి బట్టీలకు వెళ్ళేవారు. మా వైపు ఆడదానికి పెళ్ళినాటి ఫొటో ఒక్కటే. పోయాక దండ పడేదీ దానికే. ఈవిడ రాళ్ళు మోసే ఆడవాళ్ళనూ, ఆకులు తెల్లబడ్డ వేపచెట్లనూ తీసేవారు. అడిగి తీసేవారు. మొదటి కాపీ వాళ్ళకే ఇచ్చేవారు.

ఒకసారి బట్టీ కూలి కోటమ్మ నెగటివు నాకిచ్చి ప్రింటు వేయమన్నారు. స్టూడియోవాళ్ళలా నెగటివు మీదే సన్నటి పెన్సిలుతో ఆమె బుగ్గ మీది కాలిన మచ్చలన్నీ పూడ్చాను, టీచరు మెచ్చుకుంటారని.

"ఏందమ్మా ఇది, మా ఆడబిడ్డ మొహం నాకు తగిలించినారా?" అని ప్రింటు చూసి కోటమ్మ పకపకా నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది.

టీచరు నవ్వలేదు. "ఆమెకి మేలు చేశాననుకున్నావేమే? చేసింది బట్టీవాడికి," అన్నారు. దూదితో పెన్సిలు తుడిపించి, నాచేతే మళ్ళీ ప్రింటు వేయించారు.

కోటమ్మ ఒప్పుకున్నాక ఆ ఫొటోను బడి ఎగ్జిబిషన్‌లో పెట్టారు. కమిటీ మనిషొకడు వచ్చి, "ఆడపిల్లల బడిలో ఈ కూలోళ్ళ బొమ్మలేంది? తీసెయ్యమ్మా," అన్నాడు.

"తీసేస్తానండీ. ముందు తమరు ఆమె దగ్గు తీసేయండి."

నెల తిరక్కముందే ఆవిడ ఉద్యోగం పోయింది. రిక్షాలో ట్రంకుపెట్టె సర్దుకుంటూ నన్ను కసిరారు: "ఏడుస్తావేందే? కెమెరా నాదేగా!"

ఆ ధైర్యం నాకు లేదు. కానీ వాళ్ళడిగిన కాగితం రాయలేదు. పెన్సిలు పట్టిన ఆ పొరపాటు ఒక్కసారి చాలు.

తెల్లవారాక పిల్లలిద్దరినీ తయారుచేసి చెప్పాను: "ఇన్‌స్పెక్టరు గారు అడిగితే దగ్గొస్తోందని చెప్పండి. గట్టిగా చెప్పండి. భయపడి నాన్న మొహం చూడొద్దు. క్లాసు గుమ్మంలో నేనుంటా, నన్ను చూడండి."