తాత ఎక్కిళ్లు, ఎనిమిది సాంచెలు

మా తాత సోమలింగానికి ఒక్క ఎక్కిలి వచ్చిందంటే పాండేసర నుంచి కిమ్ దాకా ఉన్న సాంచెలన్నీ ఆగి, "ఏమైంది పెద్దమనిషీ?" అని అడిగేవి. సూరత్ మొత్తంలో అంత గట్టి ఎక్కిలి ఇంకెవరికీ లేదు. కావాలంటే మా బాపమ్మ భూదేవిని అడగండి. ఆమె ఒప్పుకోదు, అయినా అడగండి.

సాంచె అంటే కరెంటుతో నడిచే మగ్గం. తాత ఖటోదరాలోని ఒక కార్ఖానాలో ముప్పై ఏళ్లుగా ఎనిమిది సాంచెలు ఒక్కడే చూసుకుంటున్నాడు. ఎనిమిదింటిలో ఎక్కడ పోగు తెగినా ఉరికిపోయి ముడి వేయాలి. అందుకని తాత అన్నం తినడం నేనెప్పుడూ చూడలేదు. అన్నం మాయమవడమే చూశాను.

రెండో కరోనా తగ్గుముఖం పట్టాక జూన్‌లో సగం మందితో కార్ఖానా తెరిచారు. మొదటిరోజే తాత డబ్బాలో అన్నం తిని, నీళ్లు తాగి, ఎక్కిళ్లు మొదలుపెట్టాడు. గంటసేపు ఆగలేదు. మాస్క్ లోపలి నుంచి హిక్కు హిక్కుమని వస్తుంటే పక్క సాంచెల వాళ్లు దూరం జరిగారు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. టెస్టు చేయిస్తే ఏమీ లేదని వచ్చింది. అయినా సాంచెల మీద పెత్తనం చేసే మాస్టర్ బిక్షపతి ఆయన్ని గేటు దగ్గరికి పిలిచాడు.

"సోమలింగమన్నా, అది కరోనా కాదని నాకెర్కనే. కానీ మంది బుగులు పడుతున్నరు. జర ఇంట్ల కూసో. సోమవారం దాకా చూస్త. గప్పటికి తగ్గకపోతే నీ సాంచెలు పక్క వరుస పరమేశ్‌కు ఇయ్యాలె. సేటు ఊకోడు."

ఆ రోజు బుధవారం. అరవై దాటిన మనిషి చేతి నుంచి ఒకసారి సాంచెలు పోతే మళ్లీ రావు.

"ఎవతి యాది చేస్తున్నదో మీ తాతను అడుగు పోరీ," అంది బాపమ్మ.

"పరమేశ్ యాది చేస్తున్నడు, నా సాంచెల కోసం," అన్నాడు తాత, మధ్యలో రెండు ఎక్కిళ్లతో.

తర్వాత వైద్యం మొదలైంది. బాపమ్మ చక్కెర తినిపించింది. చంటిపిల్లలకు చేసినట్టు పోగు తడిపి ఆయన నుదుటికి అంటించింది. అది జారి ముక్కు మీద పడింది.

"పాలిస్టర్ అంటుకోదే, నూలు పోగు కావాలె," అన్నాడు తాత.

సూరత్ సాంచెల మీద నడిచేదంతా పాలిస్టరే, మాకు నూలు పోగు ఎక్కడిది? నేను తలుపు చాటు నుంచి అరిచి భయపెట్టాను. ఎక్కిళ్లు పోలేదు గానీ చేతిలో చాయ్ పోయింది. తాత తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

శుక్రవారం, బాపమ్మకు బీపీ గోలీలు రాసే గుజరాతీ డాక్టరమ్మకు వీడియో కాల్ చేశాం. "కాకా, మీరు ఎట్లా తింటారు, ఎట్లా తాగుతారు?" అని ఆమె హిందీలో అడిగింది.

"మామూలుగనే," అన్నాడు తాత.

"మామూలుగా కాదు మేడమ్, చూడండి," అని తాత చేతికి నీళ్ల చెంబు ఇచ్చి ఫోన్ అటు తిప్పాను.

కార్ఖానాలో అందరికీ ఒకటే చెంబు. దానికి మూతి తగలనీయకూడదు, ఎత్తి నోట్లో పోసుకోవాలి. కరోనా వచ్చాక తాత దాన్ని ఇంకో జానెడు పైకెత్తాడు. ఇంట్లో కూడా అదే అలవాటు. తల వెనక్కి వంచి, కళ్లు పక్కకు పెట్టి, గటగటా చెంబు ఖాళీ చేశాడు. చెంబు దింపగానే హిక్కు.

డాక్టరమ్మ నవ్వింది. "కాకా, మీరు నీళ్లకంటే గాలే ఎక్కువ తాగుతున్నారు!" కూర్చొని నమిలి తినాలి, గ్లాసుకు పెదవి పెట్టి చిన్న గుక్కలు వేయాలి అని చెప్పింది. రెండు రోజుల్లో తగ్గకపోతే మాత్రం వచ్చి చూపించుకోవాలంది.

"గ్లాసుకు మూతి పెట్టుడా? ఎంగిలి కాదా?" తాత ఫోన్ పెట్టేశాక కూడా గొణిగాడు.

బాపమ్మ ఒక స్టీలు గ్లాసు తెచ్చి ఆయన ముందు టక్కున పెట్టింది. "ఇది నీకే. నీ ఎంగిలి నువ్వే తాగు, ఎవలొద్దన్నరు?"

తాగడం తొందరగానే వచ్చింది. తినడమే రాలేదు. మూడు ముద్దలకోసారి తాత మెడ పక్కకు తిరిగేది, కాలు లేవబోయేది. నేను ఎదురుగా కూర్చొని, "ఏ పోగూ తెగలేదు తాతా, నములు," అనేదాన్ని. చేతిలో ముద్ద ఉంది కాబట్టి నన్ను కొట్టలేకపోయాడు.

శనివారం నాలుగే ఎక్కిళ్లు. ఆదివారం పప్పూ అన్నం అరగంట సేపు తిని, గ్లాసుతో నీళ్లు తాగి, గోడకు ఒరిగాడు. బాపమ్మా నేనూ ఆయన గొంతు వైపే చూస్తూ కూర్చున్నాం. ఉన్నట్టుండి తాత నోరు తెరిచాడు. బాపమ్మ నా చేయి పట్టేసుకుంది.

"త్రేన్పే!" అని కసిరాడు తాత. "గట్ల చూస్తరేంది, నన్ను ఎన్నడు చూడనట్టు?"

బాపమ్మ నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

సోమవారం గ్లాసును డబ్బా సంచీలో వేసుకొని, సైకిలెక్కి వెళ్లాడు. పొద్దుగూకాక తిరిగొచ్చాడు. మేం అడగకముందే, "సాంచెలు నాయే," అన్నాడు. ఆయన కూర్చొని తిన్నంతసేపు బిక్షపతే సాంచెలు చూశాడట. "రెండు పోగులు తెగినయ్. మాస్టర్‌కు ఒకటే కనవడ్డది," అని చెప్పేటప్పుడు తాత మొహం చూడాలి.

ఇదంతా రాసి తాతకు చదివి వినిపించాను. కళ్లు మూసుకొని చివరిదాకా విన్నాడు. "ఎట్లుంది తాతా?" అని అడిగాను.

"ముప్పై ఏండ్ల సంది బట్ట నేస్తున్ననే. రాయనీకి నీకు నా ఎక్కిళ్లే దొరికినయా?"