ఒళ్లో చాట, కిటికీలో నిజాంసాగర్

1968 కార్తీకం. నేను నిజామాబాద్ డిపోలో బస్సు డ్రైవర్‌ని. డ్యూటీలో చేరి ఆరేళ్లయింది. చెయ్యి బాగా తిరిగింది, దాంతోపాటే పొగరూ పెరిగింది. నలుగురూ కలిసి ఒక బస్సును రోజంతా మాట్లాడుకుంటే దాన్ని ‘స్పెషల్’ అనేవాళ్లం. స్పెషల్ అంటే నాకు సంబరం. మధ్యలో స్టాపులుండవు, తోలుకుంటూ పోవడమే. నిజాంసాగర్‌కు అందరికంటే తొందరగా చేర్చేది నేనేనని డిపోలో చెప్పుకు తిరిగేవాణ్ణి.

ఆ రోజు స్పెషల్ బీడీలు చేసే ఆడవాళ్లది. ఒకే గల్లీలో ఉండే ముప్పై మంది, పొద్దున ఆరింటికల్లా సద్ది మూటలతో ఎక్కారు. ఈ ఒక్క రోజు కోసం అందరూ ముందే పని ముగించి బీడీలు అప్పజెప్పి వచ్చారు. సాయవ్వ ఒక్కతే నా వెనక సీట్లో కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. పాతికేళ్లుంటాయేమో.

“గిదేంది?” అన్నాను.

పక్కనున్న లింగవ్వ చెప్పింది. వాళ్లందరికీ పెద్ద ఆమే. “దాని బిడ్డకు జరమొచ్చి, రెండు దినాలు లెక్క తక్కువిచ్చింది. జరం దిగింది, పిల్ల అమ్మమ్మ కాడ మంచిగనే ఉన్నది. గని ఇయ్యాల దీపాలు వెట్టేయాళ్లకు వెయ్యి బీడీలు ఇయ్యకుంటే పేరు కొట్టేస్తనన్నడు మున్షీ.”

మున్షీ అంటే కార్ఖానాలో బీడీలు లెక్క చూసుకునేవాడు. పేరు కొట్టేస్తే మర్నాటి నుంచి చుట్టే ఆకు ఇవ్వరు, అందులో వేసే తంబాకూ ఇవ్వరు.

“మరి వచ్చుడెందుకు?”

సాయవ్వ తలెత్తకుండానే అంది. “సాగర్ సూడాలని సిన్నప్పటి సంది ఉన్నదన్నా. బస్సుల గూసుంటే చేతులు ఖాళీయే గద.”

బోధన్ దాటాక రెండు వైపులా చెరకే. ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్లు వరుసగా ఎదురొస్తున్నాయి. ఎవరైనా అక్కడ నెమ్మదిస్తారు, నేను నెమ్మదించలేదు. చేను దారిలోంచి ఒక బండి అడ్డంగా తిరిగింది. బ్రేకు నిలబడి తొక్కాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చాట మాత్రం ఎగిరి పడింది. రాత్రి చేసినవీ బస్సులో చుట్టినవీ కలిపి బీడీలు నాలుగు వందల దాకా నేల మీద చెల్లాచెదురయ్యాయి, వాటి మీద మంచినీళ్ల బిందె ఒరిగింది.

“బస్సుల చాట వెట్టుకొమ్మని ఎవలన్నరమ్మా?” అని అరిచాను. తప్పు నాదైనప్పుడు నా నోరే ముందు లేస్తుంది. ఈ గుణం మా ఇంట్లో అందరికీ తెలుసు.

సాయవ్వ అప్పటికే కిందకు వంగింది. తడిసిన బీడీలు ఒక్కొక్కటే ఏరి కొంగులో ఒత్తుతోంది. లింగవ్వే, కోపం లేకుండా అంది. “బండి కనవడ్తనే ఉండె గద బిడ్డా.”

మా అమ్మ మమ్మల్ని బీడీలు చేసే సాకింది. తడిసిన బీడీలు మున్షీ తీసుకోడనీ, పేరు కొట్టేస్తే ఇల్లు ఏమవుతుందో కూడా నాకెవరూ చెప్పక్కర్లేదు.

సాగర్ నిండుగా ఉంది. కట్ట మీద దిగగానే లింగవ్వ నీళ్ల వైపు చూడనైనా చూడలేదు. “కత్తెర్లు తియ్యుండ్రి” అంది. షికారుకు వచ్చినా ప్రతి ఒక్కరి బొడ్డుసంచిలో కత్తెర ఉంది. జ్వరం రోజుల్లో మిగిలిన ఆకుతో కలిపి నానబెట్టిన కట్ట, మూతపెట్టిన తంబాకు డబ్బా సీటు కింద క్షేమంగానే ఉన్నాయి. గాలికి తంబాకు ఎగిరిపోతుందని అందరూ నీళ్లకు వీపు పెట్టి, చాట చుట్టూ గోడలా కూర్చున్నారు. కొందరు ఆకు కత్తిరిస్తున్నారు, తంబాకు పోసుకునే చాట ఒక్కటే కాబట్టి వంతులవారీగా ఇద్దరిద్దరే చుడుతున్నారు. నేనూ వెళ్లి దారం కట్టడానికి కూర్చున్నాను.

“డ్రైవరన్నా, గది బీడీయా, మీ గేరు రాడ్డా?” అంది ఒకామె, నేను కట్టినదాన్ని చూసి. అందరూ నవ్వారు. సాయవ్వ కూడా నవ్వింది.

“తప్పు నాదే చెల్లె. ఉరికిచ్చిన” అన్నాను.

“ఊకో అన్నా. దారం గట్టిగ సుట్టు.”

వెయ్యి పూర్తయ్యేసరికి రెండున్నర. గబగబా సద్ది తిన్నారు. సాయవ్వ మెట్లు దిగి, నీళ్లలో కాళ్లు పెట్టి ఒక పావుగంట నిలబడింది, అంతే. దీపాల వేళకు కార్ఖానా చేరాలి. ముప్పై మంది ఏడాదంతా ఎదురుచూసిన షికారు నా వల్ల నీళ్లకు వీపు పెట్టి గడిచిపోయిందని సిగ్గేసింది.

తిరుగు దారిలో ప్రతి గేరుకూ డబుల్ క్లచ్ కొట్టాను. అంటే క్లచ్ రెండుసార్లు తొక్కి గేరు మార్చడం. ఓపికగా చేస్తే బండి కుదుపు లేకుండా పోతుంది. కాసేపటికి వెనక నుంచి సాయవ్వ పిలిచింది.

“అన్నా, గిట్లనే మెల్లగ పోనియ్యి.”

“బీడీలు డబ్బల వెట్టిండ్రు గద చెల్లె, ఏం గావు.”

“బీడీల కోసం గాదన్నా. పొద్దుగాల నేనేం సూడలె.”

అద్దంలో చూశాను. ఖాళీ చాట ఒళ్లో పెట్టుకుని, తల కిటికీకి ఆనించి ఉంది. కాలువ, వరి కోతలు, తెల్లగా పూసిన చెరకు, అన్నీ చూస్తోంది. ఆరేళ్లుగా రోజూ పోయే దారి, నేనూ ఆ రోజే చూశాను. ఆమెను ఆలస్యం చేయకూడదని బాన్సువాడలో నా చాయ్ మానుకున్నాను. చాయ్ మానుకోవడం నాకు చిన్న విషయం కాదు.

బస్సును నేరుగా కార్ఖానా గేటు ముందే ఆపాను. మున్షీ లెక్క చూసి, పనికిరావని ఓ పదిహేను తీసి పక్కన పడేశాడు. అవన్నీ నేను కట్టినవే. లింగవ్వకు ముందే అనుమానమొచ్చి ఇరవై ఎక్కువ చేయించింది. సాయవ్వ పేరు నిలిచింది.

జనాన్ని తొందరగా చేర్చడమే డ్రైవర్ పనితనమని అప్పటిదాకా నమ్మాను. రోజంతా తల దించుకుని పనిచేసేవాళ్లకు తలెత్తి చూసే దారి కూడా షికారేనని ఆ తర్వాత తెలిసింది.

మరుసటి ఏడు కార్తీకంలో ఆ గల్లీవాళ్లు డిపోకొచ్చి, “మెల్లగ తోలే డ్రైవరన్న గావాలె” అని అడిగారట. మావాళ్లు పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం కడుపు నిండింది. షికారు రోజు పొద్దున్నే సాయవ్వ ఎక్కి, నా వెనక సీట్లోనే కూర్చుంది. ఈసారి ఒళ్లో చాట లేదు. కూతురుంది, కిటికీ వైపు తిరిగి.