తలుపు మూసిన అరగంట

పదమూడేళ్లుగా ఒక అబద్ధం నా గుండెల మీద కూర్చుని ఉంది. నా ఒక్కడి మీదే కూర్చుని ఉంటే ఎలాగో భరించేవాడిని. దాని బరువంతా నా భార్య మోస్తోంది, తప్పు తనదే అనుకుంటూ. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ల మొహం చూసి చెప్పే ధైర్యం ఉంటే ఇన్నేళ్లు పట్టేదా?

నేను భిలాయి ఉక్కు ప్లాంటులో పనిచేస్తాను. మా నాన్న విజయనగరం వైపు నుంచి ప్లాంటు కట్టే రోజుల్లో ఇక్కడికి వచ్చాడు. నేను క్యాంప్ వన్ సందుల్లో పుట్టి పెరిగాను. హిందీ వీధిలో వచ్చింది, తెలుగు ఇంట్లో వచ్చింది. తెలుగు రాయడం, చదవడం నాన్న చెవి మెలిపెట్టి మరీ నేర్పాడు. నా భార్య సుగుణది శ్రీకాకుళం దగ్గర పల్లె. పెళ్లయి తిన్నగా భిలాయి వచ్చింది, సెక్టర్ సెవెన్‌లోని మా క్వార్టర్‌కి. అప్పటికి హిందీ ముక్క రాదు. కానీ మాటల పుట్ట. కూర తరుగుతూ వంకాయతో కూడా మాట్లాడేది. కడుపుతో ఉన్నప్పుడు లోపలున్న పిల్లకి ఆ రోజు వంటేమిటో, పక్కింటివాళ్లు ఏమన్నారో అన్నీ చెప్పేది. నేను నవ్వేవాడిని.

ఆ పిల్లే మీనా. మూడేళ్లు నిండినా దానికి ‘అమ్మ’ అన్న మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయన్నారు. ఏదైనా కావాలంటే మా చెయ్యి పట్టుకుని ఆ వస్తువు దగ్గరికి లాక్కెళ్లేది. అందదా, ఏడ్చేది. డాక్టరు మమ్మల్ని సెక్టర్ టూలో, పిల్లలకు మాటలు నేర్పే ఒక టీచరు దగ్గరికి పంపాడు. అందరూ ఆవిడను దీదీ అనేవారు. నెమ్మదైన మనిషి. మాకు కొన్ని బొమ్మల కార్డులు, ఒక నోటుబుక్కు ఇచ్చింది. రోజూ అరగంట, సందడి లేని గదిలో పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకోవాలి. దానికి ఇష్టమైనది చేతిలో పట్టుకుని, పేరు చెప్పి, మనసులో పది దాకా లెక్కపెడుతూ ఆగాలి. తొందరపెట్టకూడదు. ఏ చిన్న శబ్దం వచ్చినా సంతోషంగా చేతికిచ్చెయ్యాలి. ఏం చేశామో, పిల్ల ఏం చేసిందో ఆ రోజుకారోజు నోటుబుక్కులో రాయాలి. “వారానికోసారి నా దగ్గర చేసేది ఎంత, ఇంట్లో మీరు చేసేదే అసలు మందు” అంది.

రాతంతా హిందీలో ఉండాలి. సుగుణకు హిందీ చదవడం రాదు. అందుకని ఆ పని నాది అయింది.

నాలుగు రోజులు చేశాను. ఆ నాలుగు రోజులు నిజం. బిస్కెట్ పట్టుకుని “బిస్కెట్” అని, ఒకటి, రెండు, మూడు... మీనా నా చేతికేసి చూసేది, నా మొహంకేసి చూసేది. ఆరు దాటేసరికి పెదవి వణికేది. ఏడుపు. మళ్లీ మర్నాడు అదే. అయిదో రోజు నైట్ డ్యూటీ దిగి వచ్చాను, కళ్లు మూతలు పడుతున్నాయి. ఇవాళ్టికి పోనీలే అనుకున్నాను. అలసట అనే చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాకు భయం వేసింది. ఆ పది అంకెలూ అయిపోయాక కూడా పిల్ల నోట ఏమీ రాకపోతే? రోజూ రాకపోతే? లెక్కపెట్టకుండా ఉన్నంత కాలం నా కూతురు రేపో మాపో మాట్లాడేస్తుంది అనుకోవచ్చు. లెక్కపెడితే తెలిసిపోతుంది. తండ్రి అన్నవాడు తన పిల్లను చూసి అలా భయపడతాడా? నేను భయపడ్డాను.

తలుపు మాత్రం రోజూ మూసేవాడిని. నేనూ మీనా లోపల. కార్డులు దాని ముందు పోసి, నేను దివాన్ మీద వాలిపోయేవాడిని. అది కార్డులను గోడ వారగా వరసగా పేర్చుకుంటూ కూర్చునేది. అడిగేది కాదు, అల్లరి చేసేది కాదు. బయట సుగుణ ఆ అరగంటా చప్పుడు చేసేది కాదు. గిన్నెలు కూడా మెల్లగా దించేది. విజిల్ వస్తే పిల్ల ధ్యాస చెదురుతుందని, నేను తలుపు తీసిన తర్వాతే కుక్కర్ పెట్టేది. అన్నం ఆలస్యమైందని ఆ రోజుల్లో ఒకసారి ఆమె మీద విసుక్కున్నాను కూడా. సిగ్గు లేదు నాకు.

ఇక నోటుబుక్కు. మా పంప్ హౌస్‌లో గంటగంటకూ మీటర్లు చూసి లాగ్ షీటులో రీడింగులు రాయాలి. చూడకుండా రాయడం చాలామందికి అలవాటు, నాకూ అలవాటు. షిఫ్టు చివర్లో కూర్చుని ఎనిమిది గంటలవీ ఒకేసారి రాసేసేవాళ్లం. అన్నీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుంది కనుక, ఒకచోట ఒకటి ఎక్కువ, ఒకచోట ఒకటి తక్కువ. ఏళ్ల తరబడి అలా రాశాను. పంపులు తిరుగుతూనే ఉన్నాయి, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ చేత్తోనే నా కూతురి పుస్తకమూ రాశాను. క్లాసుకు ముందు రోజు కూర్చుని ఏడు రోజులవీ ఒకేసారి. ఒక రోజు నీలం పెన్ను, ఒక రోజు నల్ల పెన్ను. ‘ఈ రోజు కాస్త జలుబు, అయినా చేశాం.’ ‘పది దాకా ఆగాం, శబ్దం రాలేదు.’ ‘కార్డు వైపు చూసింది, శబ్దం రాలేదు.’ రాని మాట వచ్చిందని రాస్తే దీదీకి దొరికిపోతాను కదా. అందుకే తెలివిగా, కష్టమంతా పడినట్టు, ఫలితం మాత్రం లేనట్టు రాశాను. అందులో ఎంత విషం ఉందో అప్పుడు తట్టలేదు.

ఆరు నెలల తర్వాత దీదీ ఆ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేసింది. సుగుణ నా పక్కనే ఉంది, ఒళ్లో మీనా. ఆ మాటలు ఇప్పటికీ ఒక్కటి కూడా మరిచిపోలేదు.

“సచ్ బతాయియే భయ్యా. రోజ్ కియా?” అంది దీదీ. నిజం చెప్పండి, రోజూ చేశారా అని.

“రోజ్ కియా, దీదీ.”

ఆవిడ పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత మెల్లగా చెప్పింది. చెయ్యలేదని మీరంటే, ముందు ఇది చెయ్యండి అనేదాన్ని, ఇంకో ఆలోచనే ఉండేది కాదు. మీరు ఒక్క రోజు వదలకుండా చేశారు, అయినా పిల్ల కదల్లేదు. బహుశా ఇంట్లో తెలుగు, బయట హిందీ, రెండూ కలిసి తికమక పడుతోందేమో. కొన్నాళ్లు ఇంట్లో కూడా హిందీ ఒక్కటే వాడి చూద్దాం.

సుగుణ నా మోచెయ్యి తాకింది. “ఏటంతన్నారండి ఆవిడ?”

చెప్పాను.

“నాను మాటాడ్డం వల్లే పిల్లకి మాట రాలేదంతన్నారేటండి?”

“అలాగని కాదు. కొన్నాళ్లు ఆపి చూద్దామంతన్నారు.”

“మరి నాకు హిందీ రాదు కదండీ. దాంతో ఏటి మాటాడాలి?”

“వచ్చినంతే మాటాడు.”

ఆమె మీనా తల మీద చెయ్యి వేసి, దాని జుట్టు సర్దుతూ ఉండిపోయింది. దీదీ ఎదురుగా ఉంది, పుస్తకం బల్ల మీద ఉంది. ‘ఇది అబద్ధం దీదీ, నేను నిద్రపోయాను’ అని రెండు ముక్కలు. అంతే కావాలి. నా నోరు పెగల్లేదు. ఆ గదిలో మాట రానిది నా కూతురికి ఒక్కదానికేనా?

ఆ రోజు నుంచి సుగుణ మా ఇంట్లో తెలుగు మానేసింది. కొన్నాళ్లని చెప్పినది ఏళ్లయింది. ఆమెకు వచ్చిన హిందీ ఇరవై వాక్యాలు. ఇధర్ ఆవో. పానీ పీలో. ఖానా ఖాలో. సో జావో. ఇటు రా, నీళ్లు తాగు, అన్నం తిను, పడుకో, ఇలాంటివే. ఆ ఇరవైతోనే పిల్లను పెంచింది. వంకాయలతో మాట్లాడిన మనిషి కూర తరిగేటప్పుడు పెదవులు బిగించుకుని తరిగేది. అలవాటు కొద్దీ ఒక మాట జారితే నాలిక కరుచుకుని నా వైపు భయంగా చూసేది. అమ్మో, ఆ చూపు.

ఆ చూపు భరించలేకే నేను పని మొదలుపెట్టాను. ఈసారి నిజంగా. రోజూ అరగంట, డ్యూటీ ఏదైనా సరే. పది అంకెలూ లెక్కపెట్టాను, అది ఏడిస్తే ఎత్తుకుని సముదాయించి మళ్లీ లెక్కపెట్టాను. రెండు నెలలు దాటాక ఒక మధ్యాహ్నం నీళ్ల గ్లాసు పట్టుకుని “పానీ” అని, ఎనిమిది దాకా వచ్చాను. మీనా పెదవులు కలిపింది. “పా” అంది. నా చేతిలో గ్లాసు ఒరిగి నీళ్లు దాని గౌను మీద ఒలికాయి. అది నవ్వి మళ్లీ అంది. “పా.”

తలుపు తీసి వంటింట్లోకి పరిగెత్తాను. సుగుణ విని, కొంగుతో కళ్లు తుడుచుకుని, చాలా రోజుల తర్వాత తెలుగులో అంది, గుసగుసగా, “చూసేరా అండీ? నాను నోరు మూసుకుంటే దానికి నోరొచ్చింది.”

అప్పుడు చెప్పాలి. చెప్పలేదు. ఆ రెండు నెలల్లో మా ఇంట్లో రెండు మార్పులు జరిగాయి, ఆమెకు తెలిసింది ఒక్కటే. రెండోది నాకు మాత్రమే తెలుసు. దీదీ కూడా ఒకే భాష మంచి చేసిందనుకుంది. తర్వాత చాలా ఏళ్లకు ఒక పిల్లల డాక్టరు మాటల మధ్యలో అన్నాడు, రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాట ఆలస్యం కాదని, తల్లి తనకు బాగా వచ్చిన భాషలో మాట్లాడటమే మంచిదని. ఆ మాట విని ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నం తిన్నాను. ఎవరికీ చెప్పలేదు.

మీనా ఇప్పుడు పదకొండో తరగతి. హిందీలో గలగలా మాట్లాడుతుంది, బడిలో వక్తృత్వ పోటీలకు కూడా వెళ్తుంది. తల్లి హిందీని వెక్కిరిస్తుంది, ప్రేమగానే. సుగుణ కూడా నవ్వుతుంది. ఊరి నుంచి ఫోన్ వస్తే మాత్రం వెనక వరండాలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడుతుంది. పోయినేడు మా అత్తగారు పోయారన్న కబురు వచ్చినప్పుడు సుగుణ నేల మీద కూలబడి, వాళ్లమ్మ గురించి చెప్పుకుంటూ ఏడ్చింది. అన్నీ తెలుగులోనే. మీనా పక్కన కూర్చుని, తల్లి ఏమంటోందో సగం కూడా అర్థం కాక, గ్లాసు పట్టుకుని “పానీ పీలో మా, పానీ పీలో” అంటూనే ఉంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఇది నేను చేసిన పని అనుకున్నాను. నా సొంత చేతులతో చేసిన పని.

ఆనాడు కూడా చెప్పలేదు. మరి ఇప్పుడెందుకు? కింది క్వార్టర్‌లో పావని అని మనవైపు అమ్మాయే ఉంది. వాళ్ల బాబుకి రెండున్నరేళ్లు, ఇంకా మాటలు రాలేదు. మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా ఇంటికి వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. మీనా ఇంట్లో లేదు కనుక, సుగుణ పావని చెయ్యి పట్టుకుని తెలుగులోనే చెప్పింది.

“వాడితో తెలుగు మాటాడకమ్మా. నాను మాటాడే మా పిల్ల నాలిక కట్టీసేను. ఆ పాపం నాకింకా తీరలేదు. నువ్వలా సెయ్యకు.”

ఆ అమ్మాయి తల ఊపింది. నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని అదే గదిలో ఉన్నాను. మర్నాడు మెట్లు దిగుతుంటే కింద నుంచి పావని గొంతు వినబడింది, కూడబలుక్కుంటూ, “ఇధర్ ఆవో బేటా.”

దిగడం మాని వెనక్కి మెట్లెక్కాను.

ఇంటికి వచ్చి అటక మీది పెట్టె దింపాను. కార్డులున్నాయి, అంచులు నలిగిపోయి. నోటుబుక్కూ ఉంది. చివర్లో ఇరవై పేజీల దాకా ఖాళీ. ఇది అందులోనే రాస్తున్నాను. ముందున్న పేజీలన్నీ హిందీలో ఉన్నాయి. సుగుణ ఎప్పుడు తిరగేసినా ఏమీ తెలియదన్న ధీమా అప్పట్లో నాకుండేది. అందుకే ఇప్పుడు తెలుగులో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా వస్తున్నాయి, అలవాటు తప్పింది. అయినా ఆమె చదవగలదు.

ముందు ఎవరో తెలియని మీకు చెప్పినట్టు రాశాను కాబట్టి చెయ్యి కాస్త తేలికైంది. అంతే. దీనివల్ల నా తప్పు తగ్గదు. పదమూడేళ్ల మాటలు ఎవరు తెచ్చిస్తారు? ఆమె నన్ను క్షమిస్తుందని అనుకోవడం లేదు, క్షమించమని అడగను కూడా. సుగుణ వంటింట్లో ఉంది. కుక్కర్ రెండో విజిల్ వేసింది. మూడోది వేశాక ఈ పుస్తకం తీసుకెళ్లి ఆమె చేతిలో పెడతాను. ఆ తర్వాత కిందికి దిగి పావనికి కూడా నేనే చెప్పాలి.

సుగుణ తిడుతుంది. తిట్టాలి. మీనా కూడా ఇంట్లోనే ఉంది. దాని ముందే, గొంతెత్తి, తెలుగులోనే తిడితే చాలు.